క్యాంపస్ సమస్య మీద విద్యార్థుల ఓటింగ్: తీర్మానం నుంచి లెక్కింపు దాకా

మెస్ చార్జీలు, లైబ్రరీ వేళలు, హాస్టల్ గేటు మూసే సమయం, బస్సుల సంఖ్య. వీటి గురించి మాట్లాడడానికి విద్యార్థి సంఘం నాయకులు డీన్ గదిలోకి వెళ్తే ముందుగా ఎదురయ్యే మాట ఒకటే: "ఇది ఎంతమంది అభిప్రాయం?" సంతకాల కాగితం చూపిస్తే బలవంతంగా పెట్టించారంటారు. ధర్నా చేస్తే నలుగురు గొడవ చేస్తున్నారంటారు. పద్ధతిగా జరిగిన రహస్య ఓటింగ్ ఫలితాన్ని మాత్రం అంత తేలిగ్గా పక్కన పెట్టలేరు. అయితే ఆ "పద్ధతిగా" అన్న షరతు నెరవేరాలి. ఓడిన వర్గం కూడా "లెక్క సరిగ్గానే జరిగింది" అని ఒప్పుకోగలగాలి. ఈ మార్గదర్శి అందుకే.

ఉదాహరణగా సుమారు 5,000 మంది విద్యార్థులున్న విశ్వవిద్యాలయాన్ని తీసుకుందాం. సమస్య: లైబ్రరీ రీడింగ్ హాల్‌ను రాత్రంతా తెరిచి ఉంచాలా? మీ కాలేజీలో 800 మందే ఉంటే అంకెలు ఆ మేరకు తగ్గించుకోండి, పద్ధతి అదే.

ఇది ఓటుకు పెట్టాల్సిన సంగతేనా?

చాలా ఓటింగులు చెడిపోయేది ఇక్కడే. మొదట తేల్చాల్సింది, ఈ నిర్ణయం ఎవరి మీద పడుతుందన్నది. వాళ్లే ఓటర్లు. మెస్ మెనూ అయితే ఆ మెస్‌లో తినేవాళ్లు, ఒక డిపార్ట్‌మెంట్ ల్యాబ్ వేళలైతే ఆ డిపార్ట్‌మెంట్ విద్యార్థులు. అమ్మాయిల హాస్టల్ గేటు ఎన్ని గంటలకు మూయాలన్న ప్రశ్నలో ఓటు ఆ హాస్టల్లో ఉండేవాళ్లకే ఉండాలి. క్యాంపస్ మొత్తాన్ని ఓటు అడిగితే, ఆ గేటుతో ఏ సంబంధమూ లేని అబ్బాయిల సంఖ్యే ఫలితాన్ని తేలుస్తుంది. అది ప్రజాస్వామ్యం పేరుతో జరిగే అన్యాయం.

రెండోది, ఓటుకు పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. ర్యాగింగ్ ఫిర్యాదు, లైంగిక వేధింపుల ఫిర్యాదు, ఒక విద్యార్థి మీద క్రమశిక్షణ చర్య: వీటికి చట్టబద్ధమైన కమిటీలున్నాయి, సాక్ష్యాల మీద నడవాల్సినవి. రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు, వికలాంగ విద్యార్థులకు ర్యాంపులు, లిఫ్టులు లాంటివి హక్కులు. మెజారిటీ వద్దన్నంత మాత్రాన అవి పోవు, కావాలన్నంత మాత్రాన కొత్తగా రావు. వీటిని బ్యాలెట్ మీదకు తెచ్చిన సంఘం తన పరువు తానే పోగొట్టుకుంటుంది.

మూడోది సమయం. ఓటింగ్‌కు దాదాపు మూడు వారాలు పడుతుంది. 2025 మార్చి చివర్లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి బుల్‌డోజర్లు వచ్చినప్పుడు ఓటర్ల జాబితా సరిచూసుకుంటూ కూర్చోవడం కుదిరే పని కాదు. చెట్ల నరికివేత మీద సుప్రీంకోర్టు స్టే ఏప్రిల్ 3నే వచ్చింది. అంత తొందర పనులకు జనరల్ బాడీ మీటింగ్ (విద్యార్థులందరి సమావేశం) పిలిచి తీర్మానం చేయడమే దారి. నెమ్మదిగా నలుగుతున్న, రెండు వైపులా నిజమైన వాదన ఉన్న సమస్యలకు ఓటింగ్ సరైన సాధనం.

ఫలితం సలహా మాత్రమేనని మొదటి కరపత్రంలోనే రాయండి. విశ్వవిద్యాలయ చట్టాల ప్రకారం నిర్ణయాధికారం ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, అకడమిక్ కౌన్సిల్, వార్డెన్ల చేతిలో ఉంటుంది. 2014 అక్టోబరులో కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో ఆర్ట్స్ విద్యార్థులు వైస్ చాన్సలర్ రాజీనామా మీద ఓటింగ్ పెట్టుకున్నారు. ఓటేసినవాళ్లలో నూటికి 97 మంది రాజీనామా చేయాలన్నారు. చట్టరీత్యా దానికి ఏ బలమూ లేదు. 2015 జనవరిలో ఆయన తప్పుకోవడానికి ఉద్యమం, నిరాహార దీక్ష కూడా కారణమే, కానీ ఆ ఓటింగ్ తర్వాత "ఇది కొద్దిమంది గొడవ" అనే మాటకు చోటు లేకుండా పోయింది.

జనరల్ బాడీలో తీర్మానం

ఓటింగ్ కోరుతూ మొత్తం విద్యార్థుల్లో పదో వంతు, అంటే మన ఉదాహరణలో 500 మంది, రోల్ నంబరుతో సహా సంతకం చేయాలన్న నియమం పెట్టుకోండి. అంతకన్నా తగ్గిస్తే ప్రతి నెలా ఏదో ఒక ఓటింగ్ వస్తుంది, జనం విసిగిపోతారు. నాలుగో వంతు అంటే ఎప్పటికీ ఏదీ రాదు.

సంతకాలు అందాక కనీసం 48 గంటల నోటీసుతో జనరల్ బాడీ పిలవాలి. నోటీసులో తీర్మానం పూర్తి పాఠం ఉండాలి. "లైబ్రరీ సమస్య, ఇతర విషయాలు" అని రాసి పిలిస్తే, రానివాళ్లు తర్వాత మమ్మల్ని మోసం చేశారంటారు, అనడం న్యాయమే. ఈ సమావేశం పని అసలు సమస్యను తేల్చడం కాదు. ప్రశ్న పాఠం, గెలుపు షరతు, ఓటర్లు ఎవరు, నిర్వాహక కమిటీ ఎవరు అన్న నాలుగూ ఖాయం చేయడం.

ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, అనుకూలం ఒకరు, వ్యతిరేకం ఒకరు, మార్చి మార్చి మాట్లాడాలి. సవరణలు వస్తే ముందు సవరణ మీద చేతులెత్తించాలి, ఆ తర్వాతే సవరించిన తీర్మానం మీద. ఈ వరుస తిరగబడితే, సవరణ నెగ్గిందా అసలు తీర్మానం నెగ్గిందా అన్నది అర్ధరాత్రి దాకా తేలదు. చేతుల లెక్కకు ఇద్దరిని పెట్టండి, ఒకరు అటువైపు, ఒకరు ఇటువైపు. ఇద్దరి లెక్కా కలిసినప్పుడే మినిట్స్ పుస్తకంలో రాయాలి.

నిర్వాహకులు ఎవరు

సంఘం పదాధికారులు నిర్వహించకూడదు. వాళ్లకు ఈ సమస్య మీద ఒక వైఖరి ఉండే ఉంటుంది. జేఎన్‌యూలో విద్యార్థి సంఘం ఎన్నికలను విద్యార్థుల ఎన్నికల కమిషనే నడిపే సంప్రదాయం ఉంది. మీరూ అలాగే ఐదుగురు లేదా ఏడుగురితో ఒక కమిషన్ వేయండి. సభ్యులు పోటీ సంస్థల్లో పదవిలో ఉండకూడదు, ఈ ప్రశ్న మీద బహిరంగంగా ప్రచారం చేయకూడదు, వేర్వేరు డిపార్ట్‌మెంట్లకు చెందినవాళ్లై ఉండాలి. చివరి ఏడాది పీజీ విద్యార్థులు, పరిశోధక విద్యార్థులు ఈ పనికి బాగా సరిపోతారు. క్యాంపస్ తెలుసు, వచ్చే ఏడాది పోటీ చేసే ఆలోచన సాధారణంగా ఉండదు.

ఫిర్యాదులు వినడానికి కమిషన్‌కు సంబంధం లేని మరో ముగ్గురు ఉండాలి. తన మీద వచ్చిన ఫిర్యాదును తానే విచారించే కమిషన్‌ను ఎవరూ నమ్మరు. లింగ్డో కమిటీ పదాధికారుల ఎన్నికలకు సూచించిన ఫిర్యాదుల విభాగంలో విద్యార్థి సంక్షేమ డీన్ అధ్యక్షుడిగా ఉంటారు. ఒక సీనియర్ అధ్యాపకుడు, ఒక పాలనాధికారి, చివరి ఏడాది విద్యార్థులిద్దరు సభ్యులు. ఆ ఇద్దరిలో ఒకరు అబ్బాయి, ఒకరు అమ్మాయి. సమస్య పాలనా యంత్రాంగంతోనే అయినప్పుడు డీన్‌ను అధ్యక్షుడిగా పెట్టడం కుదరదు. ఇరు పక్షాలూ ఒప్పుకునే అధ్యాపకుడు ఒకరిని వెతుక్కోండి.

లింగ్డో కమిటీ గురించి ఇక్కడే కొంత. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో నాయకత్వంలోని ఈ కమిటీ 2006 మేలో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు దాని సిఫార్సులను అమలు చేయమంది. అభ్యర్థి ఖర్చు రూ.5,000 మించరాదు, అచ్చు పోస్టర్లు వద్దు, నామినేషన్ నుంచి ఫలితం దాకా పది రోజుల్లో ముగియాలి, రాజకీయ పార్టీల డబ్బు తీసుకోరాదు. ఇవన్నీ పదవుల ఎన్నికకు వర్తించేవి. సమస్య మీద ఓటింగ్‌కు అవి నేరుగా వర్తించకపోయినా, ఖర్చు, పోస్టర్లు, బయటి డబ్బు నియమాలను యథాతథంగా తీసుకోవడం మంచిది. అభ్యంతరం చెప్పేవాళ్లకు సగం మాటలు అక్కడే ఆగిపోతాయి. చిన్న ప్రాంగణాల్లో ప్రత్యక్ష ఎన్నిక సరిపోతుందని చెప్పేటప్పుడు ఆ నివేదిక ఉదాహరణగా చూపింది జేఎన్‌యూనూ, మన హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్నీ.

అసలు సంఘమే లేకపోతే? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివర్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోని చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎన్నికైన సంఘం అన్న మాటే ఇప్పటి విద్యార్థులకు తెలియదు. అలాంటి చోట్ల క్లాస్ రిప్రజెంటేటివ్‌లు, హాస్టల్ మెస్ కమిటీలే ఆధారం. డిపార్ట్‌మెంట్‌కు ఒక్కరు చొప్పున సీఆర్‌లు కూర్చుని కమిషన్‌ను ఎన్నుకోవచ్చు. మొదటిసారే క్యాంపస్ మొత్తాన్ని నెత్తినెత్తుకోకండి. ఒక హాస్టల్లో, ఒక మెస్ సమస్య మీద, రాత్రి భోజన వేళలో ఓటింగ్ జరిపి చూపిస్తే రెండోసారి సులువవుతుంది.

ప్రశ్న రాయడం

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. చెడ్డ ప్రశ్నతో ఎంత నిజాయితీగా ఓటింగ్ జరిపినా వచ్చేది పనికిరాని ఫలితమే.

"విద్యార్థుల చదువుకు అత్యవసరమైన లైబ్రరీని 24 గంటలు తెరిచి, అదనపు బస్సులు వేయాలని మీరు కోరుకుంటున్నారా?" ఈ వాక్యంలో మూడు తప్పులున్నాయి. "అత్యవసరమైన" అన్నది ప్రచారం. లైబ్రరీ, బస్సులు రెండు వేర్వేరు ప్రశ్నలు. ఒకటి కావాలి ఒకటి వద్దనుకునేవాడు ఎక్కడ గుర్తు పెట్టాలి? ఇక "లైబ్రరీ" అంటే ఏది, పుస్తకాల విభాగమా, రీడింగ్ హాలా? సెలవుల్లో కూడానా?

ఇలా రాయాలి: "సెంట్రల్ లైబ్రరీ గ్రౌండ్ ఫ్లోర్ రీడింగ్ హాల్‌ను సెమిస్టర్ పనిదినాల్లో రాత్రంతా తెరిచి ఉంచాలి. అవును / కాదు." దాని కింద ఒక్క వాక్యంలో ప్రస్తుత స్థితి: "ఇప్పుడు రాత్రి 10 గంటలకు మూస్తున్నారు." ఖర్చు విద్యార్థుల ఫీజు మీద పడే అవకాశం ఉంటే ఆ సంగతీ రాయండి. అది దాచిన ఓటింగ్‌ను పాలకులు ఒక్క సర్క్యులర్‌తో కొట్టిపారేస్తారు.

వ్యతిరేకం మీద వ్యతిరేకం పేర్చిన ప్రశ్నలు వద్దు. "రాత్రి వేళలు పొడిగించకూడదన్న నిర్ణయాన్ని రద్దు చేయకూడదా?" అంటే చదివేవాడికి తల తిరుగుతుంది. రాసిన ప్రశ్నను ఈ గొడవ ఏమాత్రం తెలియని పదిమంది జూనియర్లకు చూపించి, "అవును అంటే ఏం జరుగుతుంది, కాదు అంటే ఏం జరుగుతుంది?" అని అడగండి. ఇద్దరు తప్పు చెప్పినా మళ్లీ రాయాల్సిందే. బ్యాలెట్ రెండు భాషల్లో ఉంటే రెండు పాఠాలకూ ఇదే పరీక్ష.

మూడు ప్రత్యామ్నాయాలుంటే లెక్క మారుతుంది. రాత్రి 10 దాకా, 12 దాకా, రాత్రంతా అని మూడు పెట్టారనుకోండి. 1,000 ఓట్లలో మొదటిదానికి 400, రెండోదానికి 350, మూడోదానికి 250 వచ్చాయి. ఎక్కువ ఓట్ల లెక్కన పాత వేళలే గెలిచినట్టు. కానీ 600 మంది వేళలు పెంచమన్నవాళ్లే! దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, బ్యాలెట్ మీద రెండు ప్రశ్నలు: వేళలు పెంచాలా, పెంచితే ఎంతదాకా. మొదటి ప్రశ్నకు "కాదు" అన్నవాళ్లకూ రెండో ప్రశ్నలో ఓటుండాలి. రెండోది, 1, 2, 3 అని వరుస రాయించడం. చివర మిగిలిన ప్రత్యామ్నాయాన్ని తీసేసి, దాని ఓట్లను రెండో ఇష్టం ప్రకారం పంచాలి. ఆ 250 మందిలో 200 మంది "12 దాకా"ను, 50 మంది "10 దాకా"ను రెండోదిగా రాస్తే, 550కి 450తో "12 దాకా" గెలుస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకు రెండు ప్రశ్నల పద్ధతే మేలు. వరుస నంబర్ల బ్యాలెట్‌లో చెల్లని ఓట్లు ఎక్కువవుతాయి, లెక్కింపుకూ ఎక్కువ సమయం కావాలి.

కోరం అనే ఉచ్చు

"సగంమంది ఓటేస్తేనే ఫలితం చెల్లుతుంది" అన్న నియమం వినడానికి బాగుంటుంది. ఆచరణలో అది వ్యతిరేకులను ఇంట్లో కూర్చోమని పిలుస్తుంది. 5,000 మందిలో 2,400 మంది అవునన్నారు, 90 మంది కాదన్నారు. మొత్తం 2,490. సగానికి పది తక్కువ, ఓటింగ్ చెల్లలేదు. ఇంకో పదిమంది వ్యతిరేకులు వచ్చి "కాదు" అని ఓటేసి ఉంటే తీర్మానం నెగ్గేది! ఇది తెలిసిన వర్గం బహిష్కరణ పిలుపునిస్తుంది. అంతకంటే ప్రమాదం, బూత్‌కు వచ్చినవాళ్లంతా అనుకూలురేనని అందరికీ తెలిసిపోతుంది, ఓటు రహస్యం పోతుంది.

దానికి బదులు రెండు షరతులు పెట్టండి. "అవును" ఓట్లు "కాదు" ఓట్లకంటే ఎక్కువ ఉండాలి. "అవును" ఓట్లు మొత్తం ఓటర్లలో కనీసం నాలుగో వంతు, అంటే 1,250 ఉండాలి. ఇప్పుడు వ్యతిరేకికి ఇంట్లో కూర్చోవడం వల్ల లాభం లేదు, వచ్చి ఓటేయడమే లాభం. సంఘం రాజ్యాంగం సవరించడం, సభ్యత్వ రుసుము పెంచడం లాంటివాటికి మూడింట రెండు వంతుల మెజారిటీ అడగవచ్చు. మామూలు సమస్యలకు అంత అవసరం లేదు.

సమాన ఓట్లు వస్తే ఉన్న స్థితే కొనసాగుతుంది. చీటీలు తీయడం పదవులకు సరే, విధానాలకు పనికిరాదు. "తటస్థం" గడి పెడితే దాన్ని విడిగా ప్రకటించాలి తప్ప ఏ వైపూ కలపకూడదు. ఈ నియమాలన్నీ ప్రచారం మొదలవకముందే గోడ మీద ఉండాలి.

ఓటర్ల జాబితా

జాబితా ఎవరిస్తారు? అకడమిక్ సెక్షన్ లేదా రిజిస్ట్రార్ కార్యాలయం. ఆ సెమిస్టర్‌కు రిజిస్టర్ చేసుకున్న రెగ్యులర్ విద్యార్థుల పట్టిక డిపార్ట్‌మెంట్ల వారీగా అడగండి. రాతపూర్వకంగా, కనీసం వారం ముందు. హాస్టల్ జాబితాలతో సరిపెట్టుకుంటే డే స్కాలర్లంతా పోతారు, వాట్సాప్ గ్రూపులతో చేస్తే మీకు తెలిసినవాళ్లే మిగులుతారు. అధికారులు ఇవ్వకపోతే డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద పెట్టిన పరీక్ష పట్టికలు, సీఆర్‌ల హాజరు పట్టీలు కలిపి తయారుచేసుకోవచ్చు. శ్రమే, కానీ అయ్యే పనే.

పేచీ వచ్చేది అంచుల దగ్గర. థీసిస్ సమర్పించి వైవా కోసం ఎదురుచూస్తున్నవాళ్లు, ఫీజు బకాయి ఉన్నవాళ్లు, సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లు, కొత్తగా చేరి ఇంకా ఐడీ కార్డు రానివాళ్లు. ఒక్కో వర్గానికి ఒక్కో నియమం ముందే రాసుకోండి, ఒక తేదీని గీతగా పెట్టండి. మా సూచన ఏమిటంటే ఫీజు బకాయి ఉన్నవాళ్లను తీసేయకండి. స్కాలర్‌షిప్ విడుదల కాక బకాయి పడిన పేద విద్యార్థులే ఆ వర్గంలో ఎక్కువ. ఐడీ కార్డు రానివాళ్లకు అడ్మిషన్ రసీదుతో పాటు ఏదైనా ఫొటో గుర్తింపు చాలు.

ముసాయిదా జాబితాను మూడు రోజులు ప్రదర్శించండి. రోల్ నంబరు, పేరు, డిపార్ట్‌మెంట్ మాత్రమే. ఫోన్ నంబర్లు, హాస్టల్ గది నంబర్లు ఉండకూడదు, ముఖ్యంగా అమ్మాయిలవి. అభ్యంతరాలు తీసుకుని నాలుగో రోజు తుది జాబితా మీద కమిషన్ సభ్యులంతా ప్రతి పేజీలో సంతకం చేయాలి. ఆ తర్వాత ఒక్క పేరు కూడా చేర్చకూడదు, ఎంతటి స్నేహితుడైనా సరే.

ప్రచారం

వారం చాలు. కమిషన్ తరఫున ఒకే కరపత్రం వేయండి. ఒక వైపు అనుకూల వాదన, రెండో వైపు వ్యతిరేక వాదన, చెరి 200 పదాలు, ఆయా పక్షాలే రాసివ్వాలి. ఒక బహిరంగ చర్చ ఏర్పాటు చేయండి. పాలనా వైపు నుంచి లైబ్రేరియన్‌నో, చీఫ్ వార్డెన్‌నో పది నిమిషాలు మాట్లాడమని పిలవండి. రాత్రి కాపలా సిబ్బంది ఎంతమంది కావాలి, కరెంటు ఖర్చెంత అన్న ప్రశ్నలకు జవాబు తెలిసి ఓటేసినవాళ్ల ఓటుకు విలువ వేరు.

చేతిరాత పోస్టర్లు, కేటాయించిన గోడల మీద మాత్రమే. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2024లో ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘానికి సెప్టెంబరు 27న పోలింగ్ జరిగితే, గోడలు పాడుచేసిన పోస్టర్లు, రాతలు శుభ్రం చేసేదాకా హైకోర్టు లెక్కింపును ఆపింది. నవంబరు ఆఖరు వారం దాకా ఫలితం రాలేదు. తరగతిలోకి వెళ్లి మాట్లాడాలంటే అధ్యాపకుడి అనుమతితో, రెండు నిమిషాలు. పోలింగ్‌కు 24 గంటల ముందు అన్నీ బంద్, వాట్సాప్ గ్రూపులతో సహా. వాట్సాప్‌ను ఎవరూ ఆపలేరు నిజమే, కానీ నియమం ఉంటే కనీసం అధికారిక గ్రూపుల అడ్మిన్లను బాధ్యులను చేయవచ్చు.

బ్యాలెట్, పెట్టె, బూత్

5,000 బ్యాలెట్లకు ఐదు శాతం అదనం కలిపి 5,250 కావాలి. ఏ4 కాగితానికి ఎనిమిది చొప్పున 657 కాగితాలు. లేత రంగు కాగితం వాడండి, తెల్లదైతే ఎవరైనా జెరాక్స్ తీసుకొస్తారు. రంగును పోలింగ్ ఉదయం దాకా బయట పెట్టవద్దు. 50 చొప్పున కట్టలు కట్టి, కట్టకు నంబరు వేసి, ఏ బూత్‌కు ఏ కట్టలు వెళ్లాయో పుస్తకంలో రాయండి. బ్యాలెట్ మీద మాత్రం నంబరు వేయకండి. ఓటరు పేరు పక్కన బ్యాలెట్ నంబరు రాసుకున్న క్షణంలో రహస్యం పోయినట్టే. అసలు బ్యాలెట్ అని తెలియడానికి వెనుక బూత్ అధికారి పొట్టి సంతకం చాలు, అదీ ఓటరుకు ఇచ్చే ముందే పెట్టాలి. ముందురోజు రాత్రే అన్నింటి మీదా సంతకాలు పెట్టి ఉంచితే, పోయిన కట్ట నేరుగా పెట్టెలోకి చేరగలదు.

పంచాయతీ ఎన్నికల అలవాటుతో స్వస్తిక్ ముద్ర వాడాలనిపిస్తుంది. సిరా ఆరకముందే మడిస్తే ఎదుటి గడిలో కూడా గుర్తు పడి, లెక్కింపు బల్ల దగ్గర గొడవవుతుంది. బాల్‌పెన్‌తో టిక్ పెట్టించడం నయం. పెన్నులు దారంతో బల్లకు కట్టేయండి, అన్నీ ఒకే రంగువి.

పెట్టెలుగా 20 నుంచి 25 లీటర్ల పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలు సరిపోతాయి. మూతలో మడిచిన కాగితం పట్టేంత చీలిక కోసి, మూత చుట్టూ కాగితపు పట్టీ అంటించి, దాని మీద ఇరు పక్షాల ఏజెంట్లతో సంతకం చేయించండి. చెరగని సిరా గురించి చాలామంది అడుగుతారు. దేశ ఎన్నికలకు మైసూర్ పెయింట్స్ సరఫరా చేసేది, హైదరాబాద్‌లోని రాయుడు లేబొరేటరీస్ కూడా తయారుచేసేది ఆ సిరానే. ప్రతి ఓటరూ ఒక్క బూత్ జాబితాలోనే ఉండి, సంతకం తీసుకుంటుంటే క్యాంపస్‌లో దాని అవసరం లేదు.

ఎన్ని బూత్‌లు? పేరు వెతికి, సంతకం చేయించి, బ్యాలెట్ ఇవ్వడానికి ఒక బల్ల దగ్గర 35 సెకన్ల దాకా పడుతుంది. గంటకు సుమారు వందమంది. ఐదు బూత్‌లు పెడితే బూత్‌కు 1,000 మంది ఓటర్లు. 60 శాతం వస్తారనుకుంటే 600. అందులో మూడో వంతు మధ్యాహ్న భోజన గంటలోనే వస్తారు. అంటే గంటలో 200, కాబట్టి బూత్‌కు రెండు బల్లలు. బల్లకు ఇద్దరు, పెట్టె దగ్గర ఒకరు, వరుస చూడడానికి ఒకరు, మొత్తం ఆరుగురు. ఐదు బూత్‌లకు 30 మంది, రెండు షిఫ్టులకు 60 మంది. ఇంతమంది దొరకకపోతే పోలింగ్ సమయం పెంచండి కానీ బల్లలు తగ్గించకండి. ల్యాబ్ ఉన్నవాడు ఇరవై నిమిషాల వరుస చూసి వెళ్లిపోతే మళ్లీ రాడు.

బూత్‌లన్నీ నేల అంతస్తులో, చక్రాల కుర్చీ వెళ్లగల చోట ఉండాలి. చూపులేని ఓటరు తనకు నచ్చిన సహాయకుణ్ని తెచ్చుకోవచ్చు. ఒక సహాయకుడు ఒక్కరికే.

పోలింగ్ రోజు

తొమ్మిదికి మొదలంటే ఎనిమిదింటికి అక్కడుండాలి. ఖాళీ పెట్టెను ఏజెంట్లకు చూపించి, వాళ్ల ముందే సీలు వేయాలి. ఐడీ చూసి, జాబితాలో పేరు మీద స్కేలు పెట్టి గీత గీసి, సంతకం తీసుకున్నాకే బ్యాలెట్. పాడైన బ్యాలెట్ తిరిగి ఇస్తే "రద్దు" అని రాసి కవరులో వేసి కొత్తది ఇవ్వండి. తన పేరు మీద ఎవరో అప్పటికే ఓటేశారని ఒకరు వచ్చారా? వాదన పెట్టుకోకండి. కవరులో విడిగా టెండర్ ఓటు తీసుకుని పేరు రాసి ఉంచండి. ఫలితం తేడా ఆ కవర్ల సంఖ్యకంటే తక్కువైతేనే వాటి ప్రస్తావన వస్తుంది.

బూత్‌కు 50 మీటర్ల లోపు ప్రచారం ఉండకూడదు. ఫోన్ పట్టుకుని గడిలోకి వెళ్లనివ్వకండి. ఓటును ఫొటో తీసి చూపమని సీనియర్లు ఒత్తిడి చేసే క్యాంపస్‌లలో ఇది చాలా ముఖ్యం. ఐదింటికి వరుసలో ఉన్న చివరి వ్యక్తి నుంచి మొదలుపెట్టి ముందుకు చీటీలివ్వండి, చీటీ ఉన్నవాళ్లందరికీ ఓటుంటుంది.

ఆన్‌లైన్‌లో పెట్టవచ్చా?

గూగుల్ ఫారంతో వద్దు. లాగిన్ అడగకపోతే ఒక్కడే ఇరవై ఓట్లేస్తాడు. సంస్థ ఈమెయిల్ నమోదు చేయిస్తే, ఎవరు దేనికి ఓటేశారో ఫారం తయారుచేసినవాడికి కనిపిస్తుంది. హీలియోస్ లాంటి ఓపెన్ సోర్స్ పద్ధతులున్నాయి. బెల్జియంలోని లూవెన్ కాథలిక్ విశ్వవిద్యాలయం 2009లో తన రెక్టర్ (విశ్వవిద్యాలయ అధిపతి) ఎన్నికకు దాన్ని వాడింది. ఓటు గుప్తలిపిలో ఉంటుంది, తన ఓటు లెక్కలోకి వచ్చిందో లేదో ఓటరే సరిచూసుకోవచ్చు. నడపడానికి కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల సాయం, ప్రతి విద్యార్థికీ పనిచేసే సంస్థ ఈమెయిల్ కావాలి. అయినా హాస్టల్ గదిలో పక్కన ఎవరు నిలబడి నొక్కిస్తున్నారో ఏ సాఫ్ట్‌వేరూ చూడలేదు. ఒత్తిడి భయం ఉన్న సమస్యకు కాగితమే మంచిది.

లెక్కింపు

అదే సాయంత్రం, ఒకే హాల్లో. పెట్టెలను రాత్రంతా ఎక్కడో దాస్తే మరుసటి ఉదయానికి వదంతులు సిద్ధంగా ఉంటాయి.

ముందు ప్రతి బూత్‌కు లెక్క సరిచూడాలి: ఇచ్చిన బ్యాలెట్లలోంచి మిగిలినవి, రద్దయినవి, టెండర్‌వి తీసేస్తే వచ్చే సంఖ్య, జాబితాలో సంతకాలలోంచి టెండర్‌వి తీసేస్తే వచ్చే సంఖ్య, పెట్టెలో కాగితాలు. మూడూ కలవాలి. పెట్టెలో ఒకటి రెండు తక్కువుంటే ఎవరో జేబులో పెట్టుకుని వెళ్లారని అర్థం, రాసుకుని ముందుకు సాగండి. ఎక్కువుంటే అది దొంగ ఓటే. ఆ బూత్‌ను పక్కన పెట్టి ఫిర్యాదుల కమిటీని పిలవండి. ఎక్కువైన సంఖ్య ఫలితాన్ని మార్చగలిగేంత ఉంటే ఆ బూత్‌లో మళ్లీ పోలింగ్ జరపాలి.

లెక్క కలిశాక బ్యాలెట్లన్నీ ఒకే గుట్టగా కలిపేయండి. పాతికమంది ఉన్న డిపార్ట్‌మెంట్ ఎటు ఓటేసిందో బయటపడకూడదు. తర్వాత ఐదు ట్రేలు: అవును, కాదు, తటస్థం, చెల్లనివి, సందేహాస్పదం. 50 చొప్పున కట్టలు, ప్రతి కట్టనూ ఇద్దరు వేర్వేరుగా లెక్కపెట్టాలి. సందేహాలను చివర్లో ఏజెంట్ల ముందు తేల్చాలి. ఓటరు ఉద్దేశం స్పష్టంగా ఉంటే టిక్ బదులు ఇంటూ పెట్టినా చెల్లుతుంది. పేరో, రోల్ నంబరో రాస్తే చెల్లదు, ఎందుకంటే అమ్ముకున్న ఓటుకు అదే రుజువు. తేడా మొత్తం ఓట్లలో ఒక శాతం లోపు ఉంటే అడగకుండానే ఒక్కసారి మళ్లీ లెక్కపెట్టండి.

ప్రకటనలో అన్ని అంకెలూ ఉండాలి: మొత్తం ఓటర్లు, పోలైనవి, ఒక్కో ట్రే లెక్క, షరతులు నెరవేరాయో లేదో. ఏజెంట్ల సంతకాలు తీసుకోండి. సంతకం చేయనన్నవాళ్ల కారణం కూడా కాగితం మీద రాయండి.

ఫలితం చేతికి వచ్చాక

రెండు రోజుల్లోపు వైస్ చాన్సలర్‌కు, రిజిస్ట్రార్‌కు లేఖ ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. లేఖలో ఫలితం, కోరుతున్న నిర్ణయం, ఏ సంస్థ అజెండాలో పెట్టాలో, 15 రోజుల గడువు. "సానుకూలంగా పరిశీలించగలరు" అని ముగించకండి. ఫలానా కౌన్సిల్ తదుపరి సమావేశంలో చర్చకు పెట్టమనండి.

జవాబు రాకపోతే తర్వాతి మెట్టు 2023 యూజీసీ ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు. ప్రాస్పెక్టస్‌లో చెప్పిన సదుపాయాలు ఇవ్వకపోవడం ఆ నిబంధనల కింద ఫిర్యాదే. విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. తృప్తి లేకపోతే 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కు (ఫిర్యాదుల మీద అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు చేయవచ్చు, అక్కడ 30 రోజుల్లో తేల్చే ప్రయత్నం జరగాలి. పక్కనే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. కేంద్ర విశ్వవిద్యాలయమైతే రుసుము రూ.10, జవాబుకు 30 రోజులు. మీ లేఖ మీద ఎవరు ఏ తేదీన ఏం రాశారో ఫైలు నోటింగుల ప్రతులు అడగండి. లేఖ ఏ బల్ల మీద ఆగిందో దాంతో తెలుస్తుంది.

తీర్మానం ఓడిపోతే అదే ప్రశ్నను ఆ విద్యా సంవత్సరంలో మళ్లీ తీసుకురాకూడదన్న నియమం ముందే ఉండాలి, గెలిచినదానికీ అదే వర్తించాలి. బ్యాలెట్లు, టెండర్ కవర్లు, సంతకాల జాబితాలు 30 రోజులు సీలు చేసి, ఇరు పక్షాలూ ఒప్పుకున్న అధ్యాపకుడి బీరువాలో పెట్టండి. ఫిర్యాదులేవీ లేకపోతే గడువు తీరాక బ్యాలెట్లను ఏజెంట్ల ముందే చింపేయండి. జాబితాలను, జమాఖర్చుల పట్టీని, కమిషన్ నిర్ణయాల పుస్తకాన్ని మాత్రం తర్వాతి ఏడాది సంఘానికి రసీదు రాయించుకుని అప్పగించండి.